స్టీల్ ప్లాంట్ స్పెల్లింగ్: ఒకేలా వినపడే ఇంగ్లీషు మాటల దగ్గర పిల్లలు ఎందుకు తడబడతారు

విశాఖపట్నం కూర్మన్నపాలెంలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట నలుగురైదుగురు పిల్లలు ఇంగ్లీషు చదువుకోవడానికి వస్తారు. వాళ్ళలో ఆరో తరగతి అబ్బాయి ఒకడు బడిలో "మా కుటుంబం" అని వ్యాసం రాశాడు. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తారు అని మొదటి వాక్యం. స్టీల్ అన్నచోట ఎస్ టీ ఈ ఏ ఎల్ అని రాశాడు. ఆ స్పెల్లింగ్‌కి అర్థం దొంగిలించడం. క్లాసులో ఎవరో అది పైకి చదివి నవ్వారట. నోటుబుక్కు నా ముందు పెట్టి తల దించుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "అదేటి టీచర్, రెండూ స్టీలే కదా, వినడానికి ఒకటే కదా" అన్నాడు.

ఈ ఊరి పిల్లాడికి అది మామూలు మాట కాదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డు మీదికి వచ్చిన సంగతి ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడన్న దాన్ని బట్టి వాళ్ళింట్లో భోజనాల వేళ మారుతుంది. అలాంటి మాట తన చేతి రాతలోనే దొంగతనం అయిపోయిందని తెలిస్తే ఏ పిల్లాడికైనా మనసు చివుక్కుమంటుంది.

వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ రెండు మాటలూ ఇంగ్లండులో పుట్టినవాళ్ళకీ ఒకేలా వినపడతాయి. వాడి చెవి సరిగ్గానే విన్నది, చెయ్యి కూడా విన్నదానికి తగ్గట్టే రాసింది. అయినా ఇంట్లో వాడికి దొరికిన మందు "శ్రద్ధ లేదు" అన్న తిట్టు, యాభై సార్లు ఇంపోజిషన్. ఇన్నేళ్ళుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ నాకు అర్థమైంది ఏమిటంటే, స్పెల్లింగ్ తికమకలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని ఇంగ్లీషు చరిత్ర తెచ్చిపెట్టినవి. కొన్ని మన తెలుగు చెవికి మాత్రమే ఎదురయ్యేవి. కొన్ని కంటి పొరపాట్లు. ఏది ఎందుకు వచ్చిందో చూడకుండా అన్నిటికీ ఇంపోజిషన్ రాయిస్తే, జ్వరానికీ కాలు బెణికినదానికీ ఒకే మాత్ర ఇచ్చినట్టు ఉంటుంది.

రాసిందే చదువుతాం అన్న నమ్మకం

మన పిల్లలు అ ఆలు దిద్దేటప్పుడు అక్షరాలతో పాటు ఒక నమ్మకం కూడా నేర్చుకుంటారు. పలికింది రాస్తాం, రాసింది పలుకుతాం. చాపలో చ ఒకలా, చేపలో చ ఇంకోలా పలుకుతాం, జ్ఞానంలో జ్ఞ రాసినట్టు పలకం, అలాంటివి కొన్ని ఉన్నా మొత్తం మీద మన రాత మాట తప్పదు. కల వేరు, కళ వేరు. వేల వేరు, వేళ వేరు. ఆ తేడా ముందు చెవికి తెలుస్తుంది, తర్వాత చేతికి తెలుస్తుంది. ఈ నమ్మకంతో ఇంగ్లీషు దగ్గరికి వెళ్ళిన పిల్లాడికి మొదటి రోజు నుంచే దెబ్బలు తగులుతాయి. ఎందుకు ఇలా అని అడిగితే "ఇంగ్లీషు అంతే" అంటాం. నా మటుకు నాకు ఆ జవాబు నచ్చదు. దానికి అసలు జవాబు ఉంది, అది పిల్లలకి కథలా చెప్పొచ్చు కూడా.

కాక్స్టన్ అనే ఆయన 1476లో ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గడ్డకట్టడం మొదలైంది. సరిగ్గా అదే కాలంలో, సుమారు 1400 నుంచి 1700 దాకా, ఇంగ్లీషువాళ్ళ నోట్లో దీర్ఘాచ్చులు ఒక్కొక్కటిగా స్థానం మారుతూ వచ్చాయి. నేమ్ అనే మాటను అంతకుముందు ఇంచుమించు "నామ" అన్నట్టు పలికేవారు. మన నామం, వాళ్ళ నేమ్ ఒకే పాత భాషా కుటుంబం నుంచి వచ్చిన మాటలు. ఈ ముక్క చెప్పిన రోజు పిల్లల మొహాలు చూడాలి! పలుకుబడి నామ నుంచి నేమ్‌కి జరిగిపోయింది, రాత మాత్రం ఏ దగ్గరే ఉండిపోయింది. నైట్ అంటే రాత్రి, కే పెట్టి రాస్తే కత్తి పట్టిన యోధుడు. ఆ కే ఒకప్పుడు నిజంగానే పలికేవారు. మధ్యలో ఉన్న జీ హెచ్ కూడా గొంతులోంచి గట్టిగా వచ్చే హకారంలా వినపడేది. నోరు వాటిని వదిలేసినా కాగితం వదల్లేదు.

స్టీల్ సంగతి కూడా ఇదే. డబుల్ ఈ, ఈ ఏ అనే రెండు రాతలు పాతకాలంలో రెండు వేరువేరు ధ్వనులు. ఒకటి మన ఏకారంలా, ఇంకోటి అంతకంటే నోరు ఎక్కువ తెరిచి పలికే ఏకారంలా ఉండేవి. శతాబ్దాల తరబడి జరుగుతూ జరుగుతూ రెండూ ఈకారం దగ్గర కలిసిపోయాయి. అందుకే చూడ్డం అనే సీ, సముద్రం అనే సీ ఈరోజు వినడానికి ఒకటి. మాంసం అనే మీట్, కలుసుకోవడం అనే మీట్ కూడా అంతే.

ఇది మనకి కొత్త కాదు. మన వర్ణమాలలో బండి ర అని ఱ ఉండేది. పెద్దవాళ్ళు గుఱ్ఱం, కఱ్ఱ అని రాసేవారు. ఱ కి ఒకప్పుడు తనదైన పలుకు ఉండేది, అది పోయి మామూలు రకారంలో కలిసింది. మనం రాత కూడా మార్చేసి గుర్రం, కర్ర అని రాసుకుంటున్నాం. ఇంగ్లీషువాళ్ళు మార్చుకోలేదు. స్టీల్ రాసిన అబ్బాయితో అదే అన్నాను. "వాళ్ళు ఇంకా గుఱ్ఱం అని రాస్తున్నార్రా, అంతే." వాడు తల ఎత్తాడు. తన బుర్రలో లోపం లేదని, ఆ మాటకే ఒక పాత కథ ఉందని తెలిస్తే పిల్లాడికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం వచ్చాక నేర్పడం తేలిక.

తెలుగు చెవికే ఒకటయ్యేవి

ఇంగ్లీషు పుస్తకాల్లో తికమక మాటల పట్టికలు ఉంటాయి. అవి ఎక్కువగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల కోసం తయారైనవి. మన పిల్లల ఇబ్బందుల్లో సగం వాటిలో కనపడవు. ఎందుకంటే ఏ భాషవాళ్ళ చెవి ఆ భాష జల్లెడలోంచే వింటుంది. దొరలు విశాఖపట్నాన్ని విన్నట్టు విని వైజాగపటం అని రాసుకున్నారు, భీమునిపట్నాన్ని బిమ్లీపటం చేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో ఈ జిల్లా పేరు అలాగే నడిచింది. అంతెందుకు, ఉక్కు అనే మన దక్షిణాది మాటే రూపం మారి ఇంగ్లీషులో వూట్జ్ అయిందని భాషా చరిత్ర తెలిసినవాళ్ళు చెబుతారు. వాళ్ళ జల్లెడలోంచి మన మాటలు అలా పడ్డట్టే, మన జల్లెడలోంచి వాళ్ళ మాటలు ఇంకోలా పడతాయి.

దీనికి మంచి ఉదాహరణ లూజు. ప్యాంటు లూజుగా ఉంది అంటాం, నట్టు లూజైంది అంటాం. నిజానికి వదులుగా ఉండటం అనే మాట ఇంగ్లీషులో "లూస్", చివర సకారం. లూజ్ అని పలికితే అది పోగొట్టుకోవడం. అంటే మనం ప్యాంటు వదులైందని చెప్పడానికి వాడే పలుకు, ఇంగ్లీషులో పర్సు పోయిందని చెప్పడానికి వాడే పలుకు. మ్యాచ్ ఓడిపోయాం అని రాయాల్సిన పిల్లాడికి చెవిలో లూజు అని వినపడుతుంది, కళ్ళ ముందు వదులు ప్యాంటు కనపడుతుంది, చెయ్యి ఎల్ డబుల్ ఓ ఎస్ ఈ అని రాస్తుంది. ఈ పిల్లాడితో వంద సార్లు స్పెల్లింగ్ రాయించి లాభం లేదు. ముందు పలుకు సరిచేయాలి. వదులుకి "లూస్స్" అని పాము బుసలా సకారం సాగదీయించండి. గూస్ అంటే బాతు లాంటి పక్షి, లూస్ దానికి ప్రాస, రెండిట్లోనూ డబుల్ ఓ. పోగొట్టుకోవడానికి చుట్టం లాస్ట్, అందులో ఒకే ఓ, లూజ్‌లోనూ ఒకే ఓ.

అడ్వైస్, అడ్వైజ్ దగ్గరా ఇదే జబ్బు. సలహా అనే నామవాచకం చివర సకారం పలుకుతుంది, సీ ఈ తో రాస్తాం. సలహా ఇవ్వు అనే క్రియ చివర జకారం లాంటి జెడ్ ధ్వని, ఎస్ ఈ తో రాస్తాం. తెలుగులో జెడ్ ధ్వనికి వేరే అక్షరం లేదు కాబట్టి జూ పార్కు జూకి, జూన్ నెల జూకి మన నోట్లో తేడా రాదు.

ఆఫ్ సంగతి చాలామంది టీచర్లు కూడా పట్టించుకోరు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఫ్యాన్ ఆఫ్ చెయ్యి. మనకి రెండూ ఆఫే. ఇంగ్లీషులో మొదటిది "అవ్" అని వకారంతో ముగుస్తుంది, అందులో ఒకే ఎఫ్. రెండోదే ఫకారం, అందులో డబుల్ ఎఫ్. పిల్లలతో "కప్ అవ్ టీ, గ్లాస్ అవ్ వాటర్" అని నాలుగు రోజులు పలికిస్తే ఈ తప్పు దానంతట అదే తగ్గిపోతుంది.

ఇక వీ, డబ్ల్యూ. తెలుగుకి ఒకటే వ. అందుకని వెట్ అంటే తడిసిన అనా, పశువుల డాక్టరు అనా అన్నది చెవికి తేలదు. అద్దం ముందు నిలబెట్టండి. వీ కి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. డబ్ల్యూకి పళ్ళు కనపడకూడదు, ఈల వేయబోతున్నట్టు పెదవులు గుండ్రంగా రావాలి. గుర్తు పెట్టుకోవడానికి మన ఊళ్ళోనే జత ఉంది. వైజాగ్‌కి వీ, వాల్తేరుకి డబ్ల్యూ.

అన్నిచోట్లా మన చెవి నష్టపోతుందని కూడా అనుకోకండి. పోర్టులో ఓడ ఆగే చోటునీ, రైల్లో మనం పడుకునే చోటునీ బెర్త్ అంటాం. పుట్టినరోజుని బర్త్‌డే అంటాం. ఇంగ్లీషువాళ్ళు ఈ రెండిటినీ ఒకేలా పలుకుతారు, వాళ్ళ పిల్లలకి అది తికమక జత. మనవాళ్ళు రాతను చూసి పలకడం వల్ల మనకి బెర్త్ వేరు, బర్త్ వేరు. బెర్త్‌లో ఈ, బర్త్‌లో ఐ. మన పిల్లలు ఇక్కడ తడబడరు.

తెలుగులో అడిగితే తేలిపోయేవి

కొన్ని జతలు ఇంగ్లీషులో ఎంత వివరించినా తెగవు, తెలుగులో ఒక్క ప్రశ్న వేస్తే తేలిపోతాయి. ఇంగ్లీషు నేర్పేటప్పుడు తెలుగు మాట్లాడకూడదు అనే నియమం పెట్టుకున్న ఇళ్ళూ బళ్ళూ ఉన్నాయి. వాళ్ళు పిల్లాడి చేతిలో ఉన్న దీపం ఆర్పేసి చీకట్లో వెతకమంటున్నారు.

యువర్, యూ ఆర్ ని కలిపి రాసే రూపం వినడానికి దాదాపు ఒకటే. "నీ" అని వస్తే వై ఓ యూ ఆర్. "నువ్వు" అని వస్తే మధ్యలో అపాస్ట్రఫీ ఉన్నది. నీ పెన్ను, నువ్వు లేటు. హూజ్ కూడా అంతే. "ఎవరి" అయితే డబ్ల్యూ హెచ్ ఓ ఎస్ ఈ, "ఎవరు" అయితే హూ తర్వాత అపాస్ట్రఫీ ఎస్. ఇట్స్‌లో "దాని" అయితే ఏ గుర్తూ లేదు, "అది" అయితే గుర్తు ఉంటుంది.

అపాస్ట్రఫీ ఏమిటో మన పిల్లలకి చెప్పడానికి సంధి కంటే మంచి దారి లేదు. ఏమి, అంటివి కలిసి ఏమంటివి అయినప్పుడు మి లోని ఇకారం లోపించింది. ఇంగ్లీషులో కూడా ఇట్, ఈజ్ కలిసినప్పుడు ఒక అచ్చు లోపిస్తుంది. మనం లోపించినచోట ఏ గుర్తూ పెట్టం, వాళ్ళు పైన చిన్న కొమ్ము పెడతారు. ఇక్కడ పిల్లలకి ఒక న్యాయమైన సందేహం వస్తుంది. రాము పుస్తకం అన్నప్పుడు రాము తర్వాత అపాస్ట్రఫీ ఎస్ పెడతాం కదా, మరి దాని తోక అన్నప్పుడు ఎందుకు పెట్టకూడదు? పేర్లకీ వస్తువులకీ ఆ గుర్తు ఉంటుంది. అతని, ఆమెది, దాని, మాది లాంటి సర్వనామాలకి ఉండదు. హిజ్ అనే మాటలో ఎవరూ అపాస్ట్రఫీ పెట్టరని చూపిస్తే పిల్లలు ఒప్పుకుంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దేర్. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. మూడింట్లోనూ "క్కడ" ఉంది. ఇంగ్లీషులో హియర్, దేర్, వేర్. మూడింట్లోనూ హెచ్ ఈ ఆర్ ఈ ఉంది. మన మూడు మాటలు ఎలా అక్కచెల్లెళ్ళో వాళ్ళ మూడు మాటలు అలాగే. చోటు చెప్పే దేర్ రాయాలంటే లోపల హియర్ కనపడాలి. "వాళ్ళ" అనే దేర్‌కి చుట్టాలు వేరే. వాళ్ళు, వాళ్ళ, వాళ్ళని అనే మూడూ టీ హెచ్ ఈ తో మొదలై, నాలుగో అక్షరం దగ్గర విడిపోతాయి. హియర్‌తో వాటికి సంబంధం లేదు. ఇదే పద్ధతిలో అప్పుడు, ఎప్పుడు చూడండి. దెన్, వెన్. రెండిట్లోనూ చివర ఈ ఎన్. కాబట్టి "అప్పుడు" అయితే ఈ. "కంటే" అని పోలిక వస్తే అది దాన్, అందులో ఏ. ఈ వరస బోర్డు మీద పక్కపక్కన రాసినప్పుడు ఒక పాప "ఇంగ్లీషుకి కూడా గుణింతం ఉందా టీచర్" అని అడిగింది. గుణింతం అనలేం గానీ, వరస ఉందని చెప్పాను.

వెదర్ జత కూడా ఇక్కడే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటి సంగతులు పిల్లలు ఇంట్లో వినే ఉంటారు. తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్న ఊరు మనది, వాతావరణం అనే వెదర్ మన పేపర్లో తరచూ కనపడుతుంది. అందులో ఈ ఏ, సముద్రం అనే సీ లో ఉన్న ఈ ఏ. సముద్రం నుంచే మన వాతావరణం వస్తుందని చెబితే ఇక్కడి పిల్లలకి వేరే గుర్తు అక్కర్లేదు. "వస్తుందో రాదో" అనే సందేహపు వెదర్‌కి డబ్ల్యూ హెచ్, ఎందుకంటే అది వాట్, వెన్, వేర్, విచ్ లాంటి ప్రశ్నల ఇంటి మనిషి.

మాటలకి చుట్టాలు

పలకని అక్షరం పిల్లలకి దయ్యంలా ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఎప్పుడు మర్చిపోతామో తెలియదు. చాలాసార్లు ఆ అక్షరం అదే కుటుంబంలోని ఇంకో మాటలో చక్కగా పలుకుతుంది. ఆ చుట్టాన్ని చూపిస్తే చాలు.

రెండు అనే టూ లో డబ్ల్యూ ఎందుకు? ట్వెల్వ్, ట్వంటీ, ట్విన్స్, ట్వైస్ పలికి చూడండి. అన్నిట్లోనూ రెండు ఉంది, అన్నిట్లోనూ డబ్ల్యూ పలుకుతోంది. అప్పు అనే డెట్‌లో బీ ఉంది. పూర్వం ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బీ లేదు, లాటిన్ మూలాన్ని గుర్తు చేయాలని పండితులు తర్వాత ఇరికించారు. మనకి మాత్రం డెబిట్ కార్డు ఉంది, అందులో బీ గట్టిగా పలుకుతుంది. సంతకం పెట్టే సైన్‌లో జీ వినపడదు, జగదాంబ జంక్షన్ సిగ్నల్‌లో వినపడుతుంది. రసీదు అనే రిసీట్‌లో పీ మూగది, రిసెప్షన్‌లో పలుకుతుంది.

నేవల్ మాట మన ఊరి పిల్లలకి రోజూ ఎదురవుతుంది, తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఇక్కడే కదా. బొడ్డు అనే నేవల్‌కి చివర ఈ ఎల్. నౌకాదళానికి ఏ ఎల్, బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ బోర్డు మీద కనపడే కోస్టల్ లాగా. పోస్టల్ కూడా అంతే. ఒకదానికి సంబంధించినది అని చెప్పే తోక ఏ ఎల్.

స్టేషనరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. కదలకుండా ఉన్న అనే మాటకి చివర ఏ ఆర్ వై. పుస్తకాలు, పెన్నులు అనే మాటకి ఈ ఆర్ వై. రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. మధ్యయుగాల్లో చాలామంది వ్యాపారులు తిరుగుతూ సరుకు అమ్ముకునేవారు. పుస్తకాలు అమ్మేవాళ్ళు ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకున్నారు, అందుకని వాళ్ళకి స్టేషనర్ అని పేరు. వాళ్ళు అమ్మే సరుకు స్టేషనరీ. స్టేషనర్‌లో ఉన్న ఈ ఆర్ సరుకులోకీ వచ్చింది, పేపర్‌లోనూ అదే ఈ ఆర్ ఉంది. మన స్థానం, స్థిరం కూడా ఈ స్టేషన్ అనే మాటకి దూరపు బంధువులే. ఈ కథ చెప్పి పిల్లల్ని వీధిలోకి పంపితే, పెన్నులు అమ్మే ఎన్ని షాపుల బోర్డుల మీద ఏ ఆర్ వై ఉందో లెక్కపెట్టుకుని వచ్చారు. షాపువాళ్ళని ఏమీ అనొద్దని ముందే చెప్పాను. కానీ పెద్దవాళ్ళూ తప్పు రాస్తారని, ఆ తప్పు తాము పట్టుకోగలమని తెలిశాక వాళ్ళ నడకే మారిపోయింది.

డెయిరీ, డైరీ జతని కన్ను తారుమారు చేస్తుంది, ఏ ఐ, ఐ ఏ అవుతుంది. రోజు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి డైరీ వచ్చింది, మన దివసం కూడా ఆ వంశానిదే. దివసంలో "ది", డైరీలో డీ ఐ. పాల డెయిరీ స్పెల్లింగ్ కావాలంటే పొద్దున్నే ఇంటికొచ్చే పాల ప్యాకెట్ తీసి చూడమనండి.

క్వైట్, క్వయెట్, ఏంజెల్, యాంగిల్, ఫామ్, ఫ్రమ్ లాంటివన్నీ కంటి తప్పులే. మొదటి జతకి చప్పట్లు చాలు. నిశ్శబ్దం అనే క్వై-ఎట్‌కి రెండు చప్పట్లు, చాలా అనే క్వైట్‌కి ఒకటి. రెండో చప్పట్లో "ఎట్" వినపడుతుంది, అంటే ఈ టీ. అంతకంటే పెద్ద కథ అక్కర్లేదు.

రెండూ ఒకే రోజు వద్దు

ఇప్పుడు అసలు విషయం. నేను కూడా చాలాకాలం చేసిన పొరపాటు ఇది. తికమక జతలు కదా అని రెండిటినీ పక్కపక్కన రాసి, తేడా చూపించి, ఒకేసారి నేర్పేదాన్ని. బోర్డు మీద అంతా బాగానే ఉండేది. వారం తర్వాత డిక్టేషన్ పెడితే అంతకుముందు సరిగ్గా రాసే పిల్లలు కూడా తప్పు రాసేవారు. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు కొత్త సంగతుల్ని కలిపి నేర్పితే అవి జ్ఞాపకంలో ఒకదాని మీద ఒకటి పడతాయి. జత గుర్తుంటుంది, ఏది ఏదో గుర్తుండదు. కవల పిల్లలిద్దర్నీ ఒకే రోజు పరిచయం చేస్తే ఎవరి పేరు ఏమిటో మర్చిపోతాం. ఒకర్ని నెల రోజులు చూశాక రెండో వాళ్ళు వస్తే ఆ ఇబ్బంది ఉండదు.

అందుకని ఇప్పుడు జతలో పిల్లాడికి ఎక్కువ అవసరమైన మాటే ముందు నేర్పుతాను. కూర్మన్నపాలెం పిల్లాడికి ఉక్కు ముందు. ఆ మాటకి నోటుబుక్కులో ఒక పేజీ మొత్తం ఇస్తాం. మధ్యలో మాట, కింద తన జీవితంలోంచి ఒక వాక్యం, పక్కన చుట్టాలు, కుదిరితే బొమ్మ. అది కలలో అడిగినా చెప్పేంత గట్టిపడ్డాక, మూడు నాలుగు వారాల తర్వాత, రెండో మాట వేరే పేజీలో వస్తుంది. అప్పుడు మాత్రమే రెండిటినీ ఒక వాక్యంలో కలుపుతాం.

ఇంపోజిషన్ ఎందుకు పని చేయదో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది. యాభై సార్లు రాసేటప్పుడు మొదటి మూడు సార్లు బుర్ర పని చేస్తుంది, తర్వాత చెయ్యి ఒక్కటే పని చేస్తుంది. కొంతమంది పిల్లలు ముందు ఎస్‌లన్నీ నిలువుగా రాసుకుంటూ పోయి, తర్వాత టీలన్నీ రాస్తారు. జ్ఞాపకం బలపడేది చూసి రాయడంలో కాదు, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడంలో. 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని, విరామాలిచ్చి మళ్ళీ నెమరేస్తే నిలుస్తుందని చూపించాడు. అదే పని వంటింట్లో చేయొచ్చు. ఈరోజు నేర్చుకున్న మాట రేపు దోసె వేస్తూ ఒకసారి అడగండి, నాలుగు రోజులాగి బస్టాపులో ఒకసారి, ఆ తర్వాత రెండు వారాలకి ఒకసారి. ఒక్కోసారి అర నిమిషం చాలు.

రాసిందే పలికే మన అలవాటుని కూడా వదులుకోకండి, అది ఇక్కడ పనికొస్తుంది. వెన్స్‌డే అని మామూలుగా పలికినా, రాసేటప్పుడు మనసులో "వెడ్-నెస్-డే" అని తెలుగు పద్ధతిలో చదువుకోమనండి. లిజన్‌ని "లిస్టెన్" అని, నైఫ్‌ని "క్‌నైఫ్" అని. మా పిల్లలు దీన్ని రాత గొంతు అంటారు. మాట్లాడేటప్పుడు ఒక గొంతు, రాసేటప్పుడు ఒక గొంతు.

ఫోన్ ఎర్ర గీత పెడుతుంది కదా అని ధీమాగా ఉండే తల్లిదండ్రులకి ఒక మాట. తప్పు స్పెల్లింగ్ కూడా ఒక నిజమైన మాటే అయినప్పుడు ఆ గీత చాలాసార్లు రాదు. పైగా చాలా ఫోన్లు అమెరికా స్పెల్లింగుకి సెట్ అయి ఉంటాయి. 1828లో వెబ్‌స్టర్ తన నిఘంటువులో కలర్ లాంటి మాటల్లో యూ తీసేశాడు. మన బళ్ళు బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి, మన ఫిషింగ్ హార్బర్‌లో యూ ఉంది. పిల్లాడు సరిగ్గా రాసినదాన్ని ఫోన్ తప్పంటే వాడు కంగారు పడతాడు, ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో సంగతి మెల్లగా చెప్పాలి. కొంతమంది పిల్లలకి ఇంగ్లీషులోనే కాకుండా తెలుగులో కూడా అక్షరాలు తారుమారవుతుంటాయి, ఎన్ని నెలలు నేర్పినా చదవడం కష్టంగానే ఉంటుంది. అది బద్ధకం కాదు, డిస్లెక్సియా కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. అలాంటప్పుడు తిట్టడం ఆపి పిల్లల డాక్టరుకో, మానసిక నిపుణులకో చూపించండి. ఎంత ముందు చూపిస్తే అంత మంచిది.

స్టీల్ రాసిన అబ్బాయి నోటుబుక్కులో ఉక్కు పేజీ మీద వాళ్ళ నాన్న హెల్మెట్ బొమ్మ ఉంది. రెండో మాట కోసం నెల రోజులు ఆగాం. ఒకరోజు పేపర్లో స్టెల్త్ యుద్ధనౌక గురించి వార్త వచ్చింది. శత్రువు రాడార్‌కి సులువుగా దొరకకుండా దొంగచాటుగా వెళ్ళే ఓడ అని చెప్పి, దొంగిలించడం అనే మాట నుంచే స్టెల్త్ వచ్చిందని చూపించాను. స్టెల్త్‌లో ఈ ఏ స్పష్టంగా ఉంది. వాడు కొత్త పేజీ తీసి ఓడ బొమ్మ వేసి, కింద మాట రాసుకున్నాడు. ఉక్కు పేజీని ఒకసారి తిరగేసి చూసుకున్నాడు గానీ నన్నేమీ అడగలేదు.

తర్వాత వారం వాళ్ళమ్మతో కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్ళొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి అడిగాడు. "టీచర్, హెల్త్‌లో కూడా ఈ ఏ ఉంది. గాయం మానడాన్ని హీల్ అంటారని చెప్పారు కదా. స్టీల్-స్టెల్త్ లాగా హీల్-హెల్త్ కూడా చుట్టాలేనా?"

అవునన్నాను. లోపలికొచ్చి కూర్చుని మూడో పేజీ తీశాడు.